కలుపు ఎవరు తీయాలి?

మన తెలుగులో ‘మందు’ అన్న మాట ఉంది చూశారూ, అంత గడుసు మాట ఇంకోటి లేదు. పిల్లవాడికి జ్వరం వస్తే వేసేదీ మందే, పైరుకి పురుగు పడితే కొట్టేదీ మందే. పొలానికి చల్లే ఎరువుకీ అదే పేరు. తుపాకీలో కూరేదీ, దీపావళికి మతాబాల్లో కూరేదీ కూడా అదే. మగవాళ్ళు సాయంత్రం చాటుగా పుచ్చుకునేది సరేసరి. కొడుకు అత్తవారి మాట తప్ప వినకుండా పోతే, ‘వాళ్ళేదో మందు పెట్టేశారమ్మా’ అని కన్నతల్లి వాపోతుంది. ప్రాణం పోసేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే పేరు పెట్టుకున్నాం. ఇది భాషలో పేదరికమా, పెద్దవాళ్ళ వివేకమా అని నాకెప్పుడూ సందేహమే. మోతాదు తప్పితే ప్రతి మందూ విషమేనని తెలిసే అలా అన్నారేమో. కానీ ఒక్క చిక్కు ఉంది. విషాన్ని మందు అని పిలవడం అలవాటయ్యాక, దాన్ని చూస్తే కలగవలసిన భయం కలగకుండా పోతుంది.

ఈ వరసలో ఆఖరుగా వచ్చి చేరింది గడ్డిమందు. కలుపుమందు అని కూడా అంటారు. గడ్డికి జబ్బు చేస్తే నయం చేసేది కాదు సుమండీ, గడ్డినే లేకుండా చేసేది. ఇప్పుడు మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి ఎరువుల కొట్టుకి వెళ్ళినా పై అరలో రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి. ‘పల్లెటూరి వ్యవసాయం గొడవ మనకెందుకు, వారపత్రిక తెరిచింది కాస్త ఊసుపోకకి కదా’ అని పేజీ తిప్పెయ్యకండి. మనం పట్నంలో ఉన్నా మన కంచంలో అన్నం అక్కడిదే. పైగా మనలో చాలామందికి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరమో రెండెకరాలో ఏదో ఒక ఊళ్ళో కౌలుకి ఉంటూనే ఉంది. సంక్రాంతికి బస్తాలు వస్తాయా రావా అన్నదే మన బెంగ. ఆ బస్తాల వెనక కలుపు ఎవరు తీశారు, ఎలా తీశారు అని అడిగే అలవాటు మనకి లేదు. ఆ ప్రశ్న అడగాలా వద్దా అన్నదే ఈ వ్యాసం. నేను బి.ఏ. చదివినదాన్ని, రసాయనశాస్త్రం నాకు వంటింటి మేరకే తెలుసు. కానీ ఇది రసాయనశాస్త్రం ఒక్కటే తేల్చగల ప్రశ్న అని నాకు అనిపించదు.

ముందు కలుపు గురించి చెప్పాలి. వంశధార, నాగావళి నీళ్ళు పారే పల్లాల్లో నాట్లు పడ్డాక ఇంచుమించు ఇరవై రోజులకి మొదటి కలుపు, మరో ఇరవై రోజులకి రెండోది. మెట్టన చోడికీ, గంటెకీ, గోగుకీ, వేరుశనగకీ కలుపు వేరే. నాట్లు లేకుండా వెదజల్లిన చేలల్లో అయితే వరీ గడ్డీ ఒక్కసారే మొలుస్తాయి కనుక బాధ రెట్టింపు. ఈ పని ఏనాటినుంచో ఆడవాళ్ళది. పదిమందో పదిహేనుమందో వరసగా వంగి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, వాన వస్తే తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని, మడి ఈ గట్టునించి ఆ గట్టుకి నడిచేవాళ్ళు. 

అది చదువు లేనివాళ్ళు చేసే పని అనుకుంటాం గానీ అందులో ఉన్న చదువు తక్కువదేం కాదు. వరిలో మొలిచే ఊద ఉంది, అది అచ్చం వరిలాగే ఉంటుంది. వెన్ను వేసేదాకా మీరూ నేనూ ఆ రెండిటికీ తేడా కనిపెట్టలేం. ఆకు కాడని పట్టుకున్న చోట వరికి సన్నని పొర, నూగు చెవులు ఉంటాయి, ఊదకి అవి ఉండవు. కలుపు కూలికి వచ్చినామె కిందికి చూడకుండానే, పక్కామెతో కోడలి మీద ఫిర్యాదు చెబుతూనే, బురదలో వేళ్ళతో ఆ తేడా కనిపెట్టి ఊదని లాగేస్తుంది. లాగినవన్నీ పారెయ్యదు కూడాను. పొన్నగంటి, గలిజేరు, గంగపాయల, చెంచలి ఒళ్ళో వేసుకుని ఇంటికి పట్టుకుపోతుంది. గట్టు మీద కోసిన గడ్డి గేదెకి. యజమాని దృష్టిలో కలుపు అన్నది ఆమె దృష్టిలో రాత్రికి కూర. ఏది పైరు, ఏది కలుపు అన్న నిర్ణయంలోనే ఎవరి ఇల్లు ఎవరిదన్న సంగతి ఉందని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అలాగని ‘అయ్యో, ఆ పాటలూ ఆ పచ్చని చేలూ’ అని నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. కుర్చీలో కూర్చుని వెనకటి రోజుల్ని మెచ్చుకోవడం తేలిక. రోజల్లా వంగిన నడుము, బురదలో నాని ఒరుసుకుపోయిన కాలివేళ్ళ సందులు, జలగలు, ఇంటి దగ్గర ఊయల్లో వదిలి వచ్చిన పసిపిల్ల – ఇవీ కలుపు తీతలోనివే. ఒక యంత్రమో ఒక మందో వచ్చి ఆ నడుముని లేపితే సంతోషించాలి గానీ ఏడవకూడదు. మన ఇళ్ళలో రుబ్బురోలు పోయి గ్రైండరు వస్తే మనం ఏడవలేదు కదా!

ఆమదాలవలస వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దామెతో ఈ మాటే అన్నాను. ముఠాకి ఆవిడే పెద్ద, ముప్ఫై ఏళ్ళు కలుపుకి వెళ్ళినావిడ. ‘ఇప్పుడు నడుం నొప్పి తగ్గి ఉంటుంది గదమ్మా’ అన్నాను.

‘నడుం నొప్పి తగ్గినాదమ్మా, కడుపు నొప్పి పెరిగినాది,’ అంది. ‘ఇదివరకు శ్రావణం వచ్చిందంటే నెల్లాళ్ళు కలుపుకెళ్ళీవోళ్ళం. ఇప్పుడు ఒక్కడొస్తాడు, ఈపుకి డబ్బా ఏసుకుంటాడు, మజ్జాన్నానికి అయిపోనాదంటాడు. మా సేతులేటి సేసుకోవాల?’

గ్రైండరు వచ్చినప్పుడు రుబ్బేదీ మనమే, మిగిలిన సమయమూ మనదే. ఇక్కడ అలా కాదు. శ్రమ తగ్గింది ఒకరికి, డబ్బు మిగిలింది వేరొకరికి. ఆ శ్రమతోపాటే ఆమె చేతికి వచ్చే కూలీ పోయింది. ఆ కూలీ మొగుడి చేతికి పోకుండా తన కొంగున ముడి వేసుకునే డబ్బు. దాని విలువ మనకి ఒకరు చెప్పాలా?

ఇక ఆ డబ్బాలో ఏముందో చూద్దాం. ఇవి ఒక రకం కావు, ముఖ్యమైనవి రెండు మూడు చెబుతాను. 2,4-డి అనేది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పుట్టింది, యుద్ధం ముగిశాక బజారుకి వచ్చింది. మొక్కని పెంచే హార్మోనుకి నకలు అది. వెడల్పాటి ఆకుల మొక్క మీద పడితే ‘పెరుగు, పెరుగు’ అని దాన్ని తొందరపెడుతుంది. మొక్క మెలికలు తిరిగి, తన శక్తికి మించి పెరిగి, ఆ పెరుగుదలతోనే చచ్చిపోతుంది. వరి, గోధుమ లాంటి గడ్డిజాతి పైర్లని మాత్రం వదిలేస్తుంది. (పిల్లల్ని కోచింగ్ సెంటర్లకి తోలే తల్లులు ఈ వాక్యాలు రెండుసార్లు చదవండి.) గాలికి కాస్త తుంపర ఎగిరి పక్కవాడి పత్తి మీదో టమాటా మీదో పడిందంటే వాటి ఆకులు ముడుచుకుపోతాయి. కనుక నా చేలో నేను మందు కొట్టుకున్నాను, నీకేం అనడానికి వీల్లేదు. ఈ 2,4-డినే 2,4,5-టి అనే ఇంకో మందుతో కలిపి 1962 నుంచి 1971 దాకా వియత్నాం అడవుల మీద అమెరికా విమానాలు కుమ్మరించాయి. ఆ రెండోదాంట్లో కలిసి ఉన్న డయాక్సిన్ అనే మలినం వల్ల జరిగిన నష్టం లోకానికంతటికీ తెలుసు.

గ్లైఫోసేట్ సంగతి వేరు. 1970లో అమెరికాలోని మోన్‌శాంటో కంపెనీ రసాయనవేత్త జాన్ ఫ్రాంజ్ దాని గుణం కనిపెట్టాడు, 1974లో ‘రౌండప్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. మొక్కలు తమకి కావలసిన కొన్ని అమైనో ఆమ్లాల్ని తామే తయారుచేసుకునే దారి ఒకటుంది, ఆ దారి మీద ఇది గేటు వేసేస్తుంది. మొక్క వారం పది రోజుల్లో పచ్చబడి ఎండిపోతుంది. మనుషుల్లో, జంతువుల్లో ఆ దారే లేదు, కనుక మనకి భయం లేదని మొదట్లో అంతా ధీమాగా ఉన్నారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధనా విభాగం ఇది బహుశా కేన్సర్ కారకం కావచ్చునని తేల్చింది. అమెరికా, యూరపు నియంత్రణ సంస్థలు ఆ మాటతో ఏకీభవించలేదు, యూరపులో 2023లో మరో పదేళ్ళకి అనుమతి ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో, శిక్షణ పొందిన పురుగుల నివారణ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దీన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఢిల్లీలో పుట్టింది, అది మా చీపురుపల్లి సంతదాకా ఎంతవరకు నడిచి వచ్చిందో మీరే ఊహించుకోండి. ఇంకో ముచ్చట. ఈ మందుకి లొంగని గడ్డి 1996లోనే ఆస్ట్రేలియాలో బయటపడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా!

మూడోది పారాక్వాట్. నాకు బాగా భయం వేసేది దీన్ని చూస్తేనే. మొదట్లో ఇది లాబొరేటరీలో రంగు మారి సంగతి చెప్పే ఒక మామూలు రసాయనం. దీనికి గడ్డిని చంపే గుణం ఉందని 1955లో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీవాళ్ళు కనిపెట్టి, 1962లో అమ్మడం మొదలుపెట్టారు. ఆకు అంటే ఎండని పట్టి అన్నం వండుకునే పొయ్యి అనుకోండి. ఈ మందు ఆ పొయ్యిలోని నిప్పుని పక్కకి లాగి ఇంటికే అంటిస్తుంది. అందుకే ఎండ ఎంత కాస్తే అంత జోరు, పొద్దున్న కొడితే సాయంత్రానికి పచ్చగడ్డి వాడిపోతుంది. వరి కోసిన చేలో దుక్కి లేకుండా మొక్కజొన్న వేసేవాళ్ళకి దీన్ని మించిన సౌకర్యం లేదు. చిత్రం ఏమిటంటే, నేల తగలగానే మట్టి దీన్ని గట్టిగా పట్టేసుకుని కదలనివ్వదు, ఆపైన విత్తు వేసుకోవచ్చు. మట్టికి ఉన్న ఆ దయ మన ఒంటికి లేదు. ఒంట్లోకి పోతే ఊపిరితిత్తులు తమకి కావలసినదేదో అనుకుని దీన్ని ఏరి ఏరి లోపలికి తీసుకుంటాయి. మూత్రపిండాలూ దెబ్బతింటాయి. దీనికి విరుగుడు ఇప్పటికీ లేదు.

స్విట్జర్లండ్ 1989లోనే పారాక్వాట్‌ని నిషేధించింది. యూరపులో 2007లో కోర్టు తీర్పుతో దీని వాడకం ఆగిపోయింది. ఐ.సి.ఐ. నుంచి ఈ వ్యాపారం చేతులు మారి స్విట్జర్లండ్‌లోనే కేంద్ర కార్యాలయం ఉన్న సింజెంటా కంపెనీకి చేరింది. వాళ్ళ దేశంలో చల్లకూడని మందు, ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో వాళ్ళ కార్ఖానాలో తయారై, నిషేధం తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఇతర దేశాలకి ఎగుమతి అవుతూ వచ్చింది. తన పిల్లలకి పెట్టని తినుబండారం పొరుగింటి పిల్లలకి పెట్టే ఇల్లాలిని మనం ఏమంటాం? ఆ మాటే వాళ్ళనీ అనాలి. అయితే పొరుగింటివాళ్ళనొక్కళ్ళనే అని లాభం లేదు. ప్రమాదకరమైన రసాయనాలు కొనే దేశానికి ముందుగా చెప్పి పంపాలన్న రోటర్‌డామ్ ఒప్పందం జాబితాలో పారాక్వాట్‌ని చేర్చుదామన్నప్పుడు, అడ్డు చెప్పిన దేశాల్లో మనదీ ఒకటి. కేరళ మాత్రం 2011లో తన మట్టుకు తాను దీన్ని ఆపేసింది.

కంపెనీల మాట, సర్కారు మాట అటుంచండి. ‘జాగ్రత్తగా వాడితే ఏ ప్రమాదమూ లేదు’ అన్న వాదన ఒకటుంది. దీని దగ్గర కాస్సేపు ఆగాలి. 1958లో కేరళలో, ఓడలో పురుగుమందు కలిసిన పిండి తిని నూరుమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 1968లో మనకి పురుగుమందుల చట్టం వచ్చింది, 1971లో నియమాలు వచ్చాయి. డబ్బా మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు పెట్టాలన్నది ఆ నియమాల్లోదే. ఎరుపు ఉంటే అతి తీవ్రమైన విషం, పసుపు తీవ్రమైనది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. పారాక్వాట్ మీద ఉండేది పసుపు. చూడండి, మనకి పసుపు అంటే శుభం! ఆకుపచ్చ అంటే ఏమీ కాదని అర్థం కాదు, ఆ నాలుగింటిలో తక్కువ అని మాత్రమే.

లోపల మడత పెట్టిన కాగితం మీద జాగ్రత్తలన్నీ ఉంటాయి. చేతులకి రబ్బరు తొడుగులు, కాళ్ళకి బూట్లు, కళ్ళకి అద్దాలు, ముక్కుకి మాస్కు, నిండు చేతుల చొక్కా. గాలికి ఎదురుగా కొట్టకూడదు. నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊదకూడదు. మధ్యలో చుట్టా బీడీ కాల్చకూడదు, అన్నం తినకూడదు. అన్నీ మంచి మాటలే. కానీ ఆ అక్షరాలు నా కళ్ళజోడుకే ఆనవు. ఇక ఆషాఢమాసపు ఉక్కలో, చెమట ధారగా కారుతుంటే, ఆ వేషమంతా వేసుకుని వీపున బరువు మోస్తూ ఎవరైనా ఒక గంట నడిచి చూపించాలి. కొనిచ్చేవాడెవడు? కూలికి మందు కొట్టేవాడికి రోజు కూలి ఇస్తారు గానీ తొడుగులు ఇచ్చినవాళ్ళని నేను చూడలేదు. బ్యూటాక్లోర్ అనే మందుంది, నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు ఇసుకలో కలిపి మడిలో చల్లుతారు. ఇసుకలో కలపడం అంటే ఎలా కలుపుతారనుకున్నారు? వట్టి చేత్తోనే, మనం అట్లపిండి కలిపినట్టు. అది నీళ్ళలో చేపలకి కూడా హాని చేసే మందు. ఇదీ, 2,4-డి కూడా, 2020లో కేంద్రం నిషేధిస్తానని ముసాయిదా ప్రకటించిన 27 మందుల జాబితాలో ఉన్నాయి. తర్వాత నిషేధం పడిన కొద్దిపాటి మందుల్లో మాత్రం ఇవి లేవు.

జాగ్రత్త అన్నది ఒక మంచి గుణం. కానీ ఒకరు లాభం తీసుకుని, జాగ్రత్త మాత్రం వేరొకరి నెత్తిన పెట్టడం నీతి అనిపించుకోదు. పాటించడం కుదరని జాగ్రత్తలు చెప్పి, పాటించలేదు కనుక తప్పు నీదే అనడం మరీ అన్యాయం. క్షీరసాగరం చిలికినప్పుడు హాలాహలం పుడితే, శివుడు దాన్ని మింగడానికి ముందు పార్వతికి చెప్పాడనీ, లోకం మేలు కోరి ఆవిడ ఒప్పుకుందనీ, తన మంగళసూత్రాన్ని ఎంతగా నమ్ముకుందో అనీ పోతనగారు భాగవతంలో చెప్పారు. అక్కడ మింగినవాడు దేవుడు, ఒప్పుకున్నావిడ లోకమాత. మన చేలో డబ్బా మోసేవాడి పెళ్ళాన్ని ఎవరూ అడగలేదు. అమృతంలో వాటా సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ పెళ్ళాం చేసే పని ఒకటుంది. మందు కొట్టి వచ్చిన బట్టలు ఉతికేది ఆవిడే. పిల్లల లాగూలతో కలిపి, ఒకే బకెట్లో. ఇది మాత్రం ఇవాళే మార్చుకోగల సంగతి గనక కాస్త వివరంగా రాస్తున్నాను. మీ పొలం చేసేవాళ్ళకి మీరే చెప్పండి. ఆ బట్టలు విడిగా, ముందు నీళ్ళలో జాడించి, తర్వాత సబ్బుతో ఉతకాలి. చెరువులో కాదు. మనిషి ఇంట్లోకి రాకముందే సబ్బు పెట్టి స్నానం చెయ్యాలి. ఒంటి మీద ఒలికితే వెంటనే ఆ బట్టలు తీసేసి సబ్బూ నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు పొయ్యాలి. నోట్లోకి పోయిందని ఏమాత్రం అనుమానం ఉన్నా ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నాలు వద్దు, డబ్బా చేత పట్టుకుని నిమిషం ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ‘మనిషి బాగానే ఉన్నాడుగా, రేపు చూద్దాం’ అనుకోకూడదు. కొన్ని మందుల దెబ్బ ఒకటి రెండు రోజులు పైకి కనిపించదు. మిగిలిన మందుని కూల్‌డ్రింకు సీసాలో పొయ్యడం మాత్రం పాపాల్లోకెల్లా పాపం. పిల్లలు చూసేది సీసాని, లోపల ఉన్నదాన్ని కాదు. ఖాళీ డబ్బా కడిగి నూనె పోసుకోవడం, మంచినీళ్ళకి వాడుకోవడం కూడా అంతే. మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పంపులోనే పోసి, డబ్బాకి చిల్లు పొడిచెయ్యాలి.

ఇంట్లో మందు ఉండటం గురించి ఇంకో మాట ఉంది, అది మెల్లగా చెప్పవలసినది. మొగుడి చేత దెబ్బలు తిన్న రాత్రి, పరీక్ష తప్పిన సాయంత్రం, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న పొద్దు ప్రతి ఇంటికీ వస్తాయి. ఆ క్షణం దాటితే మనిషి నిలబడతాడు. నిజంగా చావాలని కాదు, ఆ బాధ ఆగాలని మాత్రమే ఆ క్షణంలో అనిపిస్తుందనీ, ఆ తర్వాత బతకాలనే కోరుకుంటారనీ ఆసుపత్రుల్లో చూసినవాళ్ళు చెబుతారు. ఆ క్షణానికి చేతికి అందే దూరంలో ఏముందన్నదే ప్రశ్న. శ్రీలంకలో ఇళ్ళకి తాళం పెట్టెలిచ్చి, అందులో మందులు పెట్టుకోమని 180 పల్లెల్లో పరీక్ష చేసి చూశారు. 2017లో ఫలితం వచ్చింది, తాళం పెట్టెల వల్ల తేడా ఏమీ కనపడలేదు. కానీ అదే శ్రీలంకలో అతి ప్రమాదకరమైన మందుల్ని ఒక్కొక్కటే ఆపేస్తూ వచ్చాక, పారాక్వాట్‌తో సహా, ఆత్మహత్యలు 1995 నాటికంటే మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. దక్షిణ కొరియాలో 2012లో పారాక్వాట్ అమ్మకం ఆపాక అక్కడా తగ్గాయి. పంటలు మాత్రం తగ్గలేదు. చావదలుచుకున్నవాళ్ళు ఎలాగైనా చస్తారు అని పెదవి విరిచేవాళ్ళకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. మన దేశంలో 2022 నుంచి 14416 అన్న నంబరుకి ఫోను చేస్తే మనసు గోడు వినేవాళ్ళు ఉన్నారు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు గోడ మీద కేలండరు పక్కన రాసి ఉంచండి. మీకు కాకపోతే మీ పనమ్మాయికి పనికొస్తుంది.

శ్రీకాకుళం పేరు ఎత్తి ఉద్దానం సంగతి ఎత్తకపోతే ఎలా? కొబ్బరి, జీడిమామిడి తోటలతో కోనసీమకి తోబుట్టువులా ఉండే సీమ అది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటల్ని పడగొట్టక ముందునుంచే ఆ ఊళ్ళని మూత్రపిండాల జబ్బు తినేస్తోంది. ఇంటిలో ఒకరు డయాలిసిస్‌కి వెళ్ళని వీధి ఉండదంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. వంశధార నీళ్ళని హిరమండలం రిజర్వాయరు నుంచి ఇంటింటికీ ఇచ్చే పథకమూ అప్పుడే వచ్చింది. జబ్బుకి కారణం ఏమిటి? నీళ్ళలో ఖనిజాలా, ఎండలో దాహం చంపుకుని చేసే చాకిరీయా, నొప్పి మాత్రలా, చేలల్లో కొట్టే మందులా? వైద్యులు వీటన్నిటినీ వెతికారు, ఇదీ అని ఒక్కదాన్నీ వేలుపెట్టి చూపించలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ గ్లైఫోసేట్‌ని అనుమానించి 2015లో నిషేధించారు, తర్వాత సడలించారు.

ఈ విషయంలో నా మనసు రెండుగా ఉంది. రుజువు లేకుండా ఒక మందుని దోషి అనడం తప్పే. కోడలు అడుగుపెట్టగానే ఇంట్లో గేదె చచ్చిందని ఆ పిల్లని నష్టజాతకురాలు అన్నట్టుంటుంది. కానీ రుజువు దొరికేదాకా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే కదా! దాని ఖర్చు కంపెనీ ఖాతాలో పడదు, కవిటిలో పడుతుంది. మన ఇళ్ళలో పాలు విరిగాయో లేదో అనుమానంగా ఉంటే ఏం చేస్తాం? పరీక్షకి పంపి ఫలితం వచ్చేదాకా పసిపిల్లకి పట్టిస్తూ ఉండం. ముందు పక్కన పెడతాం.

ఇదంతా మా వదినతో అన్నాను. వదినకి రణస్థలం దగ్గర మూడెకరాలుంది, కౌలుకిచ్చింది. ఆవిడ చప్పున అనేసింది, ‘నువ్వు కథలు రాసుకుంటావు, నీకేం పోయింది? కూలీలు దొరకాలి కదా! మగవాళ్ళంతా విశాఖపట్నమో హైదరాబాదో పోయారు. ఆడవాళ్ళు రేటు పెంచేశారు. వాడు ఆ మందు కొట్టుకోకపోతే చేను బీడు పెడతాడు.’ అందులో నిజం లేకపోలేదు. కలుపు వదిలేస్తే పంటలో సగం దానికే పోతుంది. చిన్న కౌలుదారుకి ఆ నష్టం భరించే స్తోమతు లేదు. వాడిని మందు కొట్టకు అని మనం శాసించడం, మన నీతికి వాడి చేత డబ్బు కట్టించడమే అవుతుంది. నేను ఒక్కటే అడిగాను, ‘రేటు పెంచారు అంటున్నావు వదినా, ఎంతకి పెంచారు? మన పనమ్మాయికి ఇచ్చేదానికంటే ఎక్కువా?’ వదిన జవాబు చెప్పకుండా కాఫీ పెట్టడానికి లేచింది.

అక్కడితో ఆ మాట ఆగిపోయిందనుకున్నాను. నాట్ల ముందు కౌలుదారు వచ్చినప్పుడు వదినే ఎత్తింది. పారాక్వాట్ మన చేలోకి వద్దు అంది. ఏ మందైనా ఆ పూటకి కావలసినంతే కొనాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు, కొట్టేవాడికి తొడుగులూ మాస్కూ తను కొనిస్తాను అంది. వరసల్లో నాటితే నడిపే చక్రాల కలుపు పరికరం ఉందిట, వ్యవసాయ శాఖవాళ్ళని అడగమంది. అతను అన్నీ విని తల ఊపాడు.

‘అలాగే అమ్మగోరూ. మరి మందు మానీసి మనుషుల్ని పెడితే తేడా డబ్బులెవులివి? మీరు సగం ఏసుకుంతారా?’

వదిన నా వైపు చూసింది. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుంది. ‘మూడెకరాలకి కాదు. ఈ ఏడాది ఒక ఎకరానికి వేసుకుంటాను, చూద్దాం’ అంది. ఆ ఎకరంలోకి మొన్న శ్రావణంలో పదకొండుమంది దిగారు. రెండు రోజులు పట్టింది.